మంట తగ్గితే మందు పనిచేసినట్టేనా?

పోయిన నెల మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. అడిగినావిడ ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో గది అద్దెకు తీసుకుని ఉంటోంది. భర్తకు గొంతు క్యాన్సర్, రేడియేషన్ రెండో వారంలో ఉంది. "విటమిన్ మాత్రలు ఏవీ వెయ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మనిషేమో రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. బలానికి మాత్రలు కూడా వద్దంటే ఎట్లా? తెలిసినవాళ్ళు చెప్పండి" అని. గంట తిరక్కముందే జవాబులు వరసకట్టాయి. విటమినే కదా, ఏం కాదు వెయ్యండి అన్నవాళ్ళే ఎక్కువ. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం అని ఒకరు, గోధుమగడ్డి రసం అని ఒకరు, నోని రసం సీసాలు తనే పంపిస్తానని ఇంకొకరు. డాక్టరు మాట వినండి అన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఎందుకు వినాలో మాత్రం వాళ్ళూ చెప్పలేదు.

ఆ ఎందుకు అన్నదాని గురించే ఈ పోస్టు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రేడియేషన్ నడిచే ఆరేడు వారాలూ విటమిన్ ఇ, బీటా కెరోటిన్ లాంటి యాంటీఆక్సిడెంట్ మాత్రలు, పొడులు, చిక్కటి రసాలు ఇంట్లోకి రానివ్వకూడదు. అవి దండగ అని వద్దనడం లేదు. అవి పనిచేస్తాయేమోనన్నదే నా భయం. రేడియేషన్ వల్ల వచ్చే నోటిపూతకు ఉపశమనం ఇచ్చేంతగా పనిచేస్తే, అదే మేలు క్యాన్సర్ గడ్డకు కూడా చేసిపెట్టవని ఎవరు హామీ ఇస్తారు?

కిరణం చేసే పని

రేడియేషన్ అంటే గడ్డను కాల్చెయ్యడం అనుకుంటారు చాలామంది. అది కాల్పు కాదు. ఎక్స్-కిరణం కణంలోకి వెళ్ళేసరికి అక్కడ ఎక్కువగా ఉండేది నీరు. ఆ నీటి అణువులు చీలి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేన్నైనా వెంటనే పట్టుకునే ముక్కలు పుడతాయి. అవి పక్కనే ఉన్న డీఎన్‌ఏ పోగుల్ని తెంచుతాయి. ఎక్స్-కిరణాల వల్ల డీఎన్‌ఏకు జరిగే నష్టంలో దాదాపు మూడింట రెండొంతులు ఇట్లా నీటి దారిన వచ్చేదే. తెగిన చోట ఆక్సిజన్ వచ్చి చేరితే ఆ గాయం మానడం కష్టం. ఆక్సిజన్ సరిగా అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ మోతాదు కావాల్సి రావడానికి కారణం ఇదే.

యాంటీఆక్సిడెంట్ అనేది దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. రాడికల్‌ను పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది, లేదా దెబ్బతిన్న చోట ఆక్సిజన్ చేరకముందే ఒక హైడ్రోజన్ పరమాణువును ఇచ్చి అతికిస్తుంది. మామూలు రోజుల్లో ఇది మంచి పనే. రేడియేషన్ రోజుల్లో మాత్రం, యంత్రం గదిలో అంతసేపు కదలకుండా పడుకుని మనిషి తెచ్చుకున్నది ఆ రాడికల్సే.

మా చిన్నాన్నకు ఈ సంగతి నేను ఇంతకన్నా వంకరగానే చెప్పి ఉంటాను. ఆయనది కావలి దగ్గర పల్లె, వరి రైతు. విని, "అంటే కలుపుమందు కొట్టి ఆ సాయంత్రమే చేనంతా నీళ్ళతో కడిగినట్టు గదమ్మా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మూడో వారం నుంచి

చిన్నాన్నకు నాలుక మొదట్లో గడ్డ. నాలుగేళ్ళ కిందట చెన్నైలో మా ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకున్నాడు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు వాళ్ళకు క్యాన్సర్ అనగానే మద్రాసు గుర్తుకు రావడం ఈనాటిది కాదు. ముత్తులక్ష్మి రెడ్డి 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు, 1957 నాటికే అక్కడ కోబాల్ట్ యంత్రం వచ్చింది. మేము వెళ్ళింది వేరే చోటికి, ఆ పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి గడ్డకు మామూలుగా ఇచ్చేది 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). రోజుకు 2 గ్రే చొప్పున సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఏడు వారాలు. దాంతోపాటు సిస్‌ప్లాటిన్ కీమో.

ముఖానికి ఒక తెల్లటి ప్లాస్టిక్ వల ఉంటుంది. వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక ముఖం మీద పరిచి, ఆ మనిషి ముక్కు, గడ్డం ఆకారానికి బిగిస్తారు. రోజూ అదే వలతో తలను బల్లకు కదలకుండా బిగించి కిరణాలు ఇస్తారు. నుదుటి దగ్గర మార్కర్ పెన్నుతో పేరు, కింద నంబరు. మొదటి రెండు వారాలు చిన్నాన్న ఆ వల గురించే గొణిగాడు. మూడో వారం నుంచి వల సంగతి మర్చిపోయాడు. నాలుక పక్కలు ఎర్రగా వాచి, పైన తెల్లటి పొరలు కట్టాయి. లాలాజలం పీచులా సాగేది. "నీళ్ళు గూడా మింగలేకుండా ఉండా. ఇంకా ఎన్ని దినాలుండాయి?" అని పిన్నిని రాత్రిళ్ళు లేపి అడిగేవాడు. చేపల పులుసు లేకపోతే ముద్ద దిగని మనిషి. పిన్ని అన్నంలో మజ్జిగ పోసి మిక్సీలో వేసి, జల్లెడపట్టి గ్లాసులో ఇచ్చేది. అది తాగడానికి కూడా ముందు మత్తుమందు జెల్ పుక్కిలించాల్సి వచ్చేది.

ఇట్లాంటి ఇంట్లో ఎవరైనా ఒక మాత్ర చూపించి "ఇది వేస్తే మంట తగ్గుతుంది" అంటే ఎవరు కాదనగలరు? అందుకే గ్రూపులో ఆవిడ అడిగింది తప్పు ప్రశ్న అని నేను అనుకోవడం లేదు. కళ్ళెదుట మనిషి తరిగిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఆకుపచ్చగా మెరిసే ఆ ఇ-విటమిన్ గొట్టం మాత్రలు ప్రతి మందుల షాపులోనూ చీటీ లేకుండా దొరుకుతాయి. ఆసుపత్రి ఎదురుగా ఉన్న షాపులో పుక్కిలింత మందు కొంటే, కుర్రాడు అడక్కుండానే ఒక స్ట్రిప్ దాని పక్కన పెట్టాడు. రేడియేషన్ పేషంట్లందరూ తీసుకుంటారని కూడా చెప్పాడు.

క్యూబెక్‌లో తేలింది

ఈ విషయంలో నేను మళ్ళీ మళ్ళీ తిరిగివెళ్ళే ట్రయల్ ఒకటుంది. కెనడాలోని క్యూబెక్‌లో ఇసాబెల్ బైరాటి బృందం చేసినది. తల, మెడ క్యాన్సర్ తొలి దశలో ఉండి రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిని రెండుగా విడదీశారు. ఒక సగానికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. మిగతా సగానికి అచ్చం అట్లాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. రేడియేషన్ జరిగినన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళూ వేసుకోవాలి. మధ్యలో బీటా కెరోటిన్‌ను ఆపేశారు. ఎందుకంటే ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29 వేల మంది మీద జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో బయటపడింది. రెండేళ్ళు తిరక్కుండా అమెరికాలోనూ అదే కథ.

2005లో క్యూబెక్ ఫలితాలు వచ్చాయి. రెండు మాత్రలూ కలిపి వేసుకున్నవాళ్ళలో తీవ్రమైన పుండ్లు, మంట లాంటి బాధలు స్పష్టంగా తగ్గాయి. అంటే షాపు కుర్రాడు చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ గడ్డ మళ్ళీ అదే చోట తిరగబెట్టడం మాత్రల వైపే ఎక్కువ కనిపించింది. మాత్రలు వేసుకుంటున్న కాలంలో కొత్తగా మరో చోట క్యాన్సర్ రావడం దాదాపు మూడు రెట్లు. మరుసటి ఏడాది అదే బృందం మరణాల లెక్క ఇచ్చింది: విటమిన్ వైపు 38 శాతం ఎక్కువ.

మంట తగ్గింది, జబ్బు తిరగబెట్టింది. ఈ రెండూ ఒకే ట్రయల్‌లో, ఒకే మనుషుల్లో కనిపించాయి. నా వాదనంతా ఇక్కడే ఉంది. రేడియేషన్ జరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళకు కనిపించేది నోరు ఒక్కటే. గడ్డ లోపల ఏం జరుగుతోందో మూడు నెలల తర్వాత స్కాన్‌లో గానీ తెలియదు. నోరు కాస్త బాగుంటే వైద్యం బాగా సాగుతోందనుకుంటాం, బాగుచేసిన మాత్రను ఇంకా నమ్ముతాం, పక్క మంచం వాళ్ళకూ చెబుతాం. నోటి పొరను కాపాడే వస్తువు గడ్డను వదిలేసి నోటినే కాపాడుతోందని మనకు తెలిసే మార్గమే లేదు.

నాకున్న సందేహాలు

ఇది తేలిపోయిన విషయం అని రాస్తే అబద్ధమవుతుంది. నా పాత క్లాస్‌మేట్ ఒకతను తరమణిలో కెమిస్ట్రీ చెబుతాడు. ఈ వాదన విని ఒప్పుకోలేదు. హైడ్రాక్సిల్ రాడికల్ బతికేది సెకనులో వంద కోట్లో వంతు. పుట్టిన చోటు నుంచి కొన్ని నానోమీటర్లు కూడా కదలదు. విటమిన్ ఇ ఉండేది కణం పై పొర కొవ్వులో, డీఎన్‌ఏకు చాలా దూరంగా. మింగిన మాత్ర ఆ రాడికల్‌ను ఎక్కడ, ఎప్పుడు పట్టుకుంటుంది అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పుస్తకాల్లో ఉన్నంత నేరుగా ఈ కథ నడవదని నేనూ ఒప్పుకుంటాను. రాడికల్‌ను పట్టుకోకపోయినా, ఆ తర్వాత కణం చావాలా బతకాలా అన్న సంకేతాల్లో ఆక్సీకరణకు పాత్ర ఉంది, విటమిన్లు అక్కడ వేలు పెట్టొచ్చు. 2014లో స్వీడన్‌లో ఎలుకల మీద చేసిన పనిలో రేడియేషన్ ఊసే లేకుండా, విటమిన్ ఇ గానీ, దగ్గుకు వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్ గానీ ఇస్తే ఊపిరితిత్తుల గడ్డలు తొందరగా పెరిగాయి. అందుకే నేను రసాయనశాస్త్రం కన్నా ట్రయల్‌కు ఎక్కువ విలువిస్తాను. దారి తెలియకపోయినా చేరిన చోటు తెలిసింది.

ఆ ట్రయల్‌కూ లోపాలున్నాయి. గడ్డ తిరగబెట్టడంలో తేడా గణితపరంగా గట్టిగా నిలిచేది కాదు, కాకతాళీయం అనడానికి కాస్త చోటుంది. తర్వాత 2008లో ఇంకో వివరం బయటికొచ్చింది. నష్టం దాదాపుగా రేడియేషన్ నడుస్తుండగా సిగరెట్ మానని వాళ్ళలోనే. వాళ్ళలో మాత్రలు వేసుకున్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం రెట్టింపు దాటింది. పొగ మానినవాళ్ళలో తేడా కనిపించలేదు. మరి మానేసినవాళ్ళు వేసుకోవచ్చా? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. మన దగ్గర పరిస్థితి చూస్తే మాత్రం ధైర్యం చాలదు. చుట్ట మానేశానని డాక్టరుతో చెప్పి, సాయంత్రం గది వెనక్కి వెళ్ళి కాల్చేవాళ్ళను ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఉండే లాడ్జీల వీధిలోనే చూశాను. పైగా మన నోటి క్యాన్సర్లలో గుట్కా, జర్దా, ఖైనీల వాటా పెద్దది. ఆ ట్రయల్‌లో అటువంటి మనుషులు లేరు. మన గురించి ఎవరూ పరీక్షించని విషయంలో మనకు అనుకూలమైన జవాబును ఊహించుకోవడం న్యాయం కాదు.

అన్నిటికన్నా బలమైన ఎదురు వాదన వేరే ఉంది. నోటిపూత భరించలేక జనం మధ్యలో వైద్యం ఆపేస్తారు. తల, మెడ క్యాన్సర్‌లో రేడియేషన్ ఒక్క రోజు ఎక్కువ సాగితే గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం, ఇంకాస్త పైగానే తగ్గుతుంది. వారం రోజులు మానేస్తే పోయేది చిన్నది కాదు. మరి మాత్ర వల్ల మంట తగ్గి, మనిషి ఒక్క రోజూ మానకుండా పూర్తిచేస్తే, ఆ లాభం నష్టాన్ని పూడ్చదా? పూడ్చవచ్చు, లెక్కకు. క్యూబెక్‌లో పూడ్చలేదు. ఆపకుండా పూర్తిచేయించడానికి ఇంకా దారులున్నాయి, వాటిలో గడ్డకు కవచం తొడిగే ప్రమాదం లేదు.

ఇదంతా కలిపి చూస్తే నాకు మిగిలేది ఒక సాదా లెక్క. ఏడు వారాలు విటమిన్ మాత్ర మానితే పోయేది దాదాపు ఏమీ లేదు. వేసుకుంటే పోయేది ఏమిటో కచ్చితంగా తెలియదు, ప్రాణం కూడా కావచ్చు. ఇటువంటప్పుడు రుజువు చూపించాల్సిన బాధ్యత వేసుకోమనేవాళ్ళ మీద ఉంటుంది, వద్దనేవాళ్ళ మీద కాదు.

నోటిని, గడ్డను వేరుచేసి చూడగల మందు

ఒక మందు ఆ రుజువు చూపించడానికి ప్రయత్నించింది. దాని గురించి మన భాషలో ఎవరూ పెద్దగా రాయలేదు. అణుయుద్ధం భయం ఉన్న రోజుల్లో, రేడియేషన్ నుంచి సైనికుల్ని కాపాడే మందు కోసం అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ సంస్థ నాలుగు వేలకు పైగా రసాయనాల్ని పరీక్షించింది. అందులో తేలినది డబ్ల్యూఆర్-2721, ఇప్పటి పేరు అమిఫోస్టిన్. దీని కిటుకు ఎక్కడుందంటే, సూదితో ఎక్కించినప్పుడు అది ఇంకా మందు కాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దాన్ని తెంచితేనే మందవుతుంది. ఆ ఎంజైము మామూలు కణజాలంలో బాగా ఉంటుంది. గడ్డల్లో తక్కువ, పైగా గడ్డలో రక్తనాళాలూ సరిగా ఉండవు, ఆమ్లత్వం ఎక్కువ. దాంతో మందు లాలాజల గ్రంథుల్లో తయారవుతుంది, గడ్డలో అంతగా తయారవదు.

2000లో వచ్చిన ట్రయల్‌లో మూడు వందల మందికి పైగా ఉన్నారు. నోరు ఎండిపోవడం చికిత్స సమయంలో 78 శాతం నుంచి 51 శాతానికి, దీర్ఘకాలంలో 57 నుంచి 34 శాతానికి తగ్గింది. గడ్డను కాపాడినట్టు కనిపించలేదు. అప్పటికే 1999లో అమెరికా అనుమతి ఇచ్చింది. అయినా ఈ రోజు ఎక్కడో తప్ప వాడరు. రోజూ రేడియేషన్‌కు ముందు సూది వెయ్యాలి, వాంతులు, బీపీ ఒక్కసారిగా పడిపోవడం. ఈలోగా యంత్రాలే మెరుగయ్యాయి. ఐఎంఆర్‌టీ, అంటే గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల తీవ్రతను మార్చి ఇచ్చే పద్ధతి, వచ్చాక చెవి కింది లాలాజల గ్రంథిని తప్పించి కిరణాలు ఇవ్వడం సాధ్యమైంది. బ్రిటన్‌లో 2011 నాటి పార్‌స్పోర్ట్ ట్రయల్‌లో ఏడాది తర్వాత నోరు ఎండిపోయినవాళ్ళు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం. ఏ మందూ లేకుండా, గురి మార్చడంతోనే.

ఇంకో మందు అవాసోపాసెమ్. కణంలోని సూపరాక్సైడ్ అనే మరో రాడికల్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్‌ను మామూలు కణాలు తట్టుకున్నంతగా గడ్డ కణాలు తట్టుకోలేవన్నది దాని వెనక ఆలోచన. చివరి దశ ట్రయల్‌లో తీవ్రమైన నోటిపూత 64 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. 2023 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ అది చాలదని, ఇంకా రుజువు తెమ్మని వెనక్కి పంపింది. గడ్డను ముట్టకుండా ఉండేట్టు పనిగట్టుకుని తయారుచేసిన మందునే అంత నిలదీస్తారు. షాపులో బీటా కెరోటిన్, సెలీనియం, లైకోపీన్, విటమిన్ ఇ కలగలిపి అమ్మే డబ్బాను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఈ తేడా నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

కాబట్టి "యాంటీఆక్సిడెంట్లు ఎప్పటికీ వద్దు" అన్నది నా మాట కాదు. దేన్ని కాపాడాలో, దేన్ని వదిలెయ్యాలో తెలిసిన మందు వస్తే, మనుషుల మీద అది రుజువైతే, మొదట సంతోషించేది నేనే.

సంచీ విప్పించిన డాక్టరమ్మ

చిన్నాన్న కావలి నుంచి వచ్చేటప్పుడే ఒక గుడ్డసంచీ నిండా తెచ్చుకున్నాడు. అంతకుముందు చూపించుకున్న ఒక పెద్ద ఆసుపత్రి చీటీలో చివరి వరసలో యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ ఉంది, మూడు నెలలకు. రేడియేషన్ కోసం పంపుతున్న మనిషికి అది ఎందుకు రాశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన పసుపు సారం మాత్రలు, మిరియాల సారంతో కలిపినవి, ఇంకో డబ్బా. ఊళ్ళో ఒకాయన ఇచ్చిన లక్ష్మణ ఫలం ఆకు పొడి, ప్లాస్టిక్ కవర్‌లో.

రేడియేషన్ డాక్టరమ్మ తమిళ యాసతో తెలుగు మాట్లాడేది. మొదటి రోజే "ఏమేమి మాత్రలు వేస్తున్నారు?" అని అడగలేదు. "సంచీ తెచ్చి బల్ల మీద పెట్టండి" అంది. అన్నీ తీసి వరసగా పేర్చింది. బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు ఒక పక్క. మిగతావన్నీ ఇంకో పక్క. రెండో కుప్పను పిన్ని వైపు జరిపి, "ఇవి వైద్యం అయ్యేదాకా బీరువాలో పెట్టి తాళం వేసెయ్యమ్మా" అంది. తర్వాత నాతో, "ఇంట్లో ఏం తింటున్నారంటే ఎవరూ చెప్పరు. తిడతామని భయం. సంచీ తెమ్మంటే తెస్తారు" అంది.

పిన్ని ఊరుకోలేదు. "అయితే పండ్లు గూడా పెట్టకూడదా? రసంలో పసుపు వెయ్యకూడదా?" అని అడిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. తిండితో వచ్చే విటమిన్ ఇ రోజుకు పది పదిహేను మిల్లీగ్రాములు. ఆ ఆకుపచ్చ మాత్రలో 400. పప్పులో చిటికెడు పసుపు వేరు, పసుపులోంచి కర్క్యుమిన్ ఒక్కటే తీసి గ్రాముల లెక్కన మింగడం వేరు. పండు ఆపొద్దు, పులుపు మండితే అరటిపండు, బొప్పాయి పెట్టు అంది. ఇందులో ప్రకృతి, కెమికల్ అనే గొడవే లేదు. నోటిపూత మీద అంతర్జాతీయ నిపుణుల 2020 మార్గదర్శకాల్లో తేనెకు చోటు దొరికింది. రేడియేషన్ తీసుకునేవాళ్ళ మీద పరీక్షించారు కాబట్టి దొరికింది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం అడిగి వాడాలి.

అందరు డాక్టర్లూ ఇంత సమయం ఇవ్వలేరు, నాకు తెలుసు. బయట బెంచీల మీద ఎంతమంది ఉంటారో చూశాను. కానీ రేడియేషన్ కార్డు వెనక ఖాళీగానే ఉంటుంది. "ఇంట్లో వేసుకునే ప్రతి మాత్రా, పొడీ, కషాయమూ చూపించండి" అని తమిళంలో, తెలుగులో, హిందీలో అచ్చు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది? చెన్నై ఆసుపత్రుల్లో తెలుగువాళ్ళు లేని వార్డు లేదు. ఉత్త "వద్దు" అనే మాట ఇంటికి వెళ్ళేసరికి మర్చిపోతారు, లేదా గ్రూపులో అడుగుతారు. కారణం చెబితే పిన్నిలాంటి మనిషి తాళం వేసి తాళంచెవి నడుముకు కట్టుకుంటుంది. నిజంగానే కట్టుకుంది.

మరి ఏం చెయ్యాలి

వద్దన్నవాళ్ళు చేతికి వేరే పని ఇవ్వాలి. అర లీటరు నీళ్ళలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించడం. డాక్టరు రాస్తే బెంజిడమిన్ మౌత్‌వాష్. దొరికే చోట లో-లెవెల్ లేజర్, అంటే నోటి లోపల తక్కువ శక్తి లేజర్ వెలుగు వెయ్యడం. దీనికి మార్గదర్శకాల్లో గట్టి స్థానమే ఉంది, అడగండి. నొప్పి మాత్రలకు, అవసరమైతే మార్ఫిన్‌కు కూడా భయపడొద్దు. వారానికోసారి బరువు చూసి కాగితం మీద రాయడం. బరువు జారిపోతుంటే ముక్కుగొట్టం పెడతామన్నప్పుడు అవమానంగా అనుకోకపోవడం. చిన్నాన్న మొదట ఒప్పుకోలేదు. పెట్టాక మాత్రం, మింగే పని లేకుండా కడుపునిండిందని ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. రాగిజావ, గుడ్డు కలిపిన పాలు, పప్పుకట్టు అన్నీ అందులోంచే వెళ్ళాయి. బలమంటే ఆ రోజుల్లో అదే.

అన్నిటికన్నా ముందు పొగ, పొగాకు. కెనడాలోనే 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రేడియేషన్ జరుగుతుండగా పొగ తాగుతూనే ఉన్నవాళ్ళలో గడ్డ పూర్తిగా కరిగింది 45 శాతం మందికి, తాగనివాళ్ళలో 74 శాతం మందికి. రెండేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు 39 శాతం, 66 శాతం. ఇంత తేడా చూపించే విటమిన్ మాత్ర ఏదీ లేదు. ఇంట్లోవాళ్ళు మాత్రల కోసం తిరిగే శ్రమంతా దీని మీద పెట్టాలి, పక్కన కూర్చుని మాన్పించాలి.

రేడియేషన్ అయిపోయాక బీరువా తాళం తీయొచ్చా అని పిన్ని అడిగింది. తొందరపడొద్దన్నారు డాక్టరమ్మ. క్యూబెక్‌లో మాత్రలు వేసుకున్నది రేడియేషన్ తర్వాత కూడా మూడేళ్ళు, కొత్త క్యాన్సర్లు ఎక్కువగా కనిపించింది ఆ కాలంలోనే. బీ12, డీ, ఐరన్ లాంటివి రక్తపరీక్షలో తక్కువని తేలితే డాక్టరు రాసినంత వేసుకోవాలి, అది వేరే సంగతి.

చిన్నాన్న ఇప్పుడు కావలిలోనే ఉన్నాడు. ఆవకాయ ఇంకా నోట పెట్టలేడు, చేపల పులుసు తింటున్నాడు. ఆయన బాగున్నాడు కాబట్టి నా వాదన గెలిచిందని చెప్పను, ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు. వైద్యం అయిన ఏడాదికి మళ్ళీ నీరసం మొదలైంది. పొద్దస్తమానం నిద్ర, ఒళ్ళు బరువు, ఎండాకాలంలో కూడా చలి. ఊళ్ళో మళ్ళీ బలం మాత్రల మాట లేచింది. పిన్ని ఫోన్ చేస్తే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించమన్నాను. చాలా ఎక్కువగా వచ్చింది. మెడకు కిరణాలు తగిలినవాళ్ళలో థైరాయిడ్ మందగించడం మామూలే, నెలలు, ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. థైరాక్సిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు మళ్ళీ పొలం గట్టు మీదికి వెళ్ళాడు. మీ ఇంట్లో మెడకు రేడియేషన్ అయినవాళ్ళుంటే, ఆరు నెలలకో ఏడాదికో ఆ పరీక్ష చేయించండి.